అత్తమ్మ మట్టిలో వేసి చూసిన కుట్టు గింజ

మొన్న ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి మందుల కోసం పోతే, ఆ పక్కన కొత్తగా తెరిచిన దుకాణంలో బక్‌వీట్ అని రాసిన పొట్లం కనిపించింది. షుగరు వాళ్ళకు మంచిదనీ, పీచు ఎక్కువనీ, నిదానంగా అరిగి ఆకలిని ఆపుతుందనీ, గోధుమ పడనివాళ్ళు కూడా తినవచ్చనీ దాని మీద పెద్ద పురాణమే రాశారు. కళ్ళద్దాలు పెట్టుకుని చూద్దును కదా, ఒకప్పుడు మా ఇంట్లో అంత రభస చేసిన కుట్టు గింజే అది.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, సమ్మెలో ఉన్న మా వారు ఇంటిపట్టునే ఉండేవారు. నల్లగొండ నుంచి వచ్చిన మేము కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మేడ మీద ఉండే ఇంటివాళ్ళది కోస్తా. ఆ ఇంటి వదినగారూ నేనూ కూరలూ పచ్చళ్ళూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నా, టీవీలో వార్తలు వేడెక్కిన కొద్దీ మగవాళ్ళిద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు.

ఇంతలో దసరా నవరాత్రులు దగ్గరపడ్డాయి. వరీ జొన్నా గోధుమా ముట్టకుండా, తొమ్మిది రోజులూ పండూ పాలతో గడపడం మా అత్తమ్మ నియమం. షుగరు వచ్చాక కూడా మానలేదు, కిందటేడు దీపం ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. ఈసారీ పడితే ఆటో కూడా దొరకని ఆ రోజుల్లో దవాఖానకు ఎట్లా చేర్చాలన్నదే నా దిగులంతా. ఉపవాసం వద్దన్న డాక్టరునే లెక్కచేయని మనిషి నా మాట వింటుందా?

వదినగారే దారి చెప్పారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రాజస్థాన్ సేటు దుకాణంలో కుట్టు పిండి దొరుకుతుందట, వాళ్ళ ఆడవాళ్ళు ఉపవాసంలో అదే తింటారట. డాక్టరును అడిగితే, ఉత్త కడుపుతో ఉండడం కన్నా నయమేనని మాత్రల వేళలు మార్చి ఇచ్చారు. ఇద్దరం నడుచుకుంటూ పోయి పిండి తెచ్చాం. అత్తమ్మ దాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, పక్కకు నెట్టింది. పిండి చేశాక ఏదైనా ఒకటేనట, గింజ చూపించమంది. మళ్ళీ పోయి గింజలు తెచ్చాం, ముదురు గోధుమరంగులో, మూడు పలకలుగా ఉన్నాయి. పువ్వు పూసి కాస్తుంది కాబట్టి అది పండు కిందే లెక్క అని సేటు భార్య చెప్పిన మాట చేరవేస్తే, పొలం పనుల్లోనే పుట్టి పెరిగిన మా అత్తమ్మ నవ్వింది. "పువ్వు పుయ్యని పంట ఏడున్నదే పిల్లా? జొన్న పుయ్యదా? మట్టిల ఏసి చూద్దాం, మొలిస్తే గదే చెప్తది," అంది. గడ్డిపోచలాగా ఒంటి ఆకుతో లేస్తే అది జొన్నకు చుట్టమే, ముట్టదు. రెండాకులతో లేస్తే తింటుంది.

మెట్ల పక్కన పాత బకెట్లో మట్టి పోసి గింజలు వేసింది. ఇక నేను మొక్కని దేవుడు లేడు. వేరే పని లేని ఆ రోజుల్లో రెండిళ్ళవాళ్ళకూ అదే కాలక్షేపమైంది. మా వారు లేస్తూనే వంగి చూసేవారు; మేడ మీది ఇంటాయన ఏదో పనిమీద దిగినట్టు దిగి, నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి పోయేవారు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి వంగి ఉండడం చూశాను. ఎలుకలు తిన్నాయేమోనని ఒకరంటే, ఇంకా టైముందిలెండి అని ఇంకొకరు. మాట అట్లా కలిసింది.

నవరాత్రులకు ముందురోజు ఎర్రని కాడ మీద రెండాకులు గుండ్రంగా విచ్చుకున్నాయి. అత్తమ్మ వాటిని చాలాసేపు చూసి, పొయ్యి వెలిగించమంది. నాకు ఏడుపొచ్చింది.

వండడం మరో తంటా. జొన్నరొట్టెలాగా వేడినీళ్ళతో తడిపి కొడితే అంచులన్నీ పగిలాయి. ఉడికించిన చామగడ్డ కలిపితేగానీ ఆ పిండి మాట వినలేదు. వదినగారేమో, "అట్టు పోసి చూద్దామండీ, పోయేదేముంది," అంటూ మజ్జిగలో పలచగా కలిపి, జీలకర్రా పచ్చిమిర్చీ దోసకాయ తురుమూ వేసి పెనం మీద పోశారు. నేను కష్టపడి కొట్టిన రొట్టె ఉండగా అత్తమ్మకు ఆ అట్టే నచ్చింది. పోనీలెమ్మనుకున్నాను. తొమ్మిది రోజులూ తన కాళ్ళ మీద నిలబడి దీపం పెట్టింది, ఒక్కసారీ తూలలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది, మేము బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాం, అత్తమ్మ కాలం చేసింది. వదినగారితో పండక్కో ఫోను మిగిలింది, అదీ ఈమధ్య తగ్గింది. షుగరు ఇప్పుడు నా వంతు. ఏది తినవచ్చో ఏది కూడదో మనవరాలు సెల్లులో చూసి చిటికెలో చెప్పేస్తుంది. మంచిదే, కాదనను. ఆ రోజుల్లో మాత్రం ఒక సందేహం తీరడానికి వారం పట్టేది, ఆ వారమంతా మేడ మీది వాళ్ళు మా గుమ్మంలోనే ఉండేవారు.