చురకల పాట

సీతంపేటలో బస్సెక్కి, పాలకొండ వరకూ ఓ సవర ముసలమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో మనవరాలు, ఏడాది నిండని పిల్ల. నేను పాటలు సేకరిస్తుంటానని తెలిసి, చురకల పాట ఒకటుందని చెప్పింది. పసిబిడ్డకు కడుపు ఉబ్బితే కాల్చిన ఇనప చువ్వతో పొట్ట మీద చురకలు పెట్టేవాళ్ళట. చువ్వ ఎర్రబడేదాకా పాడే పాట అది.

"ఇప్పుడు పెట్టడం లేదు కదా?" అన్నాను కాస్త గట్టిగానే.

"నేదు బాబూ. నర్సమ్మ తిట్టినాది. ఈ గుంటకి ఆస్పత్రి మందే ఏస్తన్నాం."

"మంచి పని చేశారు. పాటను మాత్రం పోనివ్వకండి," అంటూ ఫోన్‌లో రికార్డింగు నొక్కాను.

ఆవిడ సవర భాషలో మెల్లగా ఎత్తుకుంది. పిల్లకి కళ్ళు మూతలు పడ్డాయి. పాడుతున్న గొంతు అంతకంతకూ పైకి లేచి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"తర్వాత?"

"తరవాత ఏటుంది బాబూ? సువ్వ తగిలి బిడ్డ కెవ్వుమంటాది. ఆ ఏడుపుతోటే పాట అయిపోతాది." పిల్ల పొట్ట మీదికి గౌను లాగి కప్పింది. "సువ్వ వద్దంటారు, పాట కావాలంటారు. మరి దీన్ని ఎక్కడ ఆపాల? నువ్వే సెప్పు."

లేచి వేరే చోటికి వెళ్దామన్నా కదల్లేనంత జనం. పాలకొండ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికైనా వినిపిస్తుంటే, పాట ఆగినచోట నాకు ఊపిరి బిగుసుకుంటుంది. పిల్ల ఏడుపు కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలుస్తుంది.