హోమ్ ప్లేట్ దగ్గర నేనాడిన అబద్ధం

తొమ్మిదేళ్ళుగా ఒక్క మాటను మోస్తున్నాను. అలసిపోయాను. ఇంట్లో చెప్పలేదు, ఫ్రెండ్స్‌కు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ప్లాంట్ బస్సులో కూర్చుని ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. మూడుసార్లు చెరిపేశాను. ఇది నాలుగోసారి.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. హైదరాబాద్ నుంచి సౌదీలోని యాన్బు వచ్చి రెండేళ్ళు. మేముండే కంపెనీ కాంపౌండ్‌లో శుక్రవారం సాయంత్రాలు పిల్లలకు బేస్‌బాల్ ఆడించేవారు. నేను క్యాచర్‌ని. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టాలి. పట్టేలోపు ఏదో ఒకటి వాగి వాణ్ణి విసిగించాలి. నాకు నోరెక్కువ. ఆ పని బాగా కుదిరింది.

అంపైర్ ఒక ఫిలిప్పీనో అంకుల్. ఒక్కరే, అన్నివైపులా ఎలా చూస్తారు? అందుకని మా గ్రౌండ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఆయనకు కనబడకపోతే ఆడినవాణ్ణే అడుగుతారు. వాడేం చెబితే అదే తీర్పు. పిల్లలు అబద్ధాలాడరని కాదు, తాను అడిగితే ఆడరని ఆయన నమ్మకం.

అవతలి టీమ్‌లో జోయెల్ ఉండేవాడు. కాకినాడ వాళ్ళు. వాళ్ళమ్మ ఇక్కడ హాస్పిటల్లో నర్సు. వాడి నోరు నా నోటికంటే పెద్దది. పైగా ఏదన్నా నవ్వుతూ అనేవాడు. దానికే నాకు మండేది.

ఆ రోజు వాడు బ్యాటింగ్‌కు వచ్చాడు.

"ఏందిరా, బ్యాట్‌ని నువ్వు మోస్తున్నవా, అది నిన్ను మోస్తున్నదా?" అన్నాను.

వాడు వెనక్కి కూడా చూడలేదు. "ఆయ్, నా సంగతి సరే గానీ గురూ, నువ్వు సెకండ్ బేస్‌కి బంతి విసురుతావు చూడూ, అది అక్కడికి చేరేలోపు నేను టీ తాగేసి, గ్లాసు కడిగేసి, బోర్లించేస్తాను."

బెంచీల మీద కూర్చున్న తెలుగువాళ్ళంతా నవ్వారు. మా నాన్న కూడా. తెలుగు రానివాళ్ళకు ఎవరో హిందీలో చెప్పారు. వాళ్ళూ నవ్వారు. ఒకే జోక్‌కు రెండుసార్లు.

చివరి ఇన్నింగ్స్‌లో అదే జోయెల్ మూడో బేస్ నుంచి నా ముందున్న హోమ్ ప్లేట్‌కు పరుగెత్తుకొచ్చాడు. చేరితే వాళ్ళదే గెలుపు. బంతి నాకు అందింది. వాడు జారుతూ వచ్చాడు, నేను బంతి ఉన్న గ్లవ్ వాడికి తాకించాను. తాకిన క్షణంలోనే బంతి గ్లవ్‌లోంచి జారి నా మోకాలి కింద పడింది. బంతి పడితే వాడు ఔట్ కాదు. దుమ్ములో మా ఇద్దరికి తప్ప ఎవరికీ కనబడలేదు. గబుక్కున తీసుకుని పైకెత్తి చూపించాను.

బాల్ పడిందని జోయెల్ అరిచాడు. అంకుల్ నా ముందు వంగి ఇంగ్లీషులో అడిగారు, బంతి నీ చేతిలోనే ఉందా అని.

"ఉంది," అన్నాను.

ఎందుకన్నాను? గెలవాలనా? కాదు. ఆ టీ గ్లాసు కోసం.

జోయెల్ హెల్మెట్ నేలకేసి కొట్టాడు. నన్ను దొంగ అన్నాడు. అంకుల్‌ను కళ్ళు కనబడవా అన్నాడు. అప్పుడు వాళ్ళమ్మ గ్రౌండ్‌లోకి వచ్చింది, డ్యూటీ యూనిఫామ్‌లోనే.

"ఓడిపోతే ఓడిపోయావు. అబద్ధాలాడి పెద్దాయన మీద అరుస్తావా? ఆ అబ్బాయికి సారీ చెప్పు."

"నిజంగా పడిందమ్మా. నేను చూశాను."

"ఇంకొక్క మాట మాట్లాడావంటే ఊరుకోను."

వాడు నా దగ్గరికి వచ్చి, నేల చూపులు చూస్తూ సారీ అన్నాడు. నేను వాడి భుజం తట్టి, "లైట్ తీస్కోరా" అన్నాను.

అబద్ధం కోపంలో వచ్చింది. కోపం నాకు ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది, దాని మీదికి నెట్టేయగలను. కానీ ఆ భుజం తట్టడం కోపంలో చేసింది కాదు. నిజం చెప్పినవాడి చేత సారీ చెప్పించుకుని, పైగా నేనే వాణ్ణి క్షమిస్తున్నట్టు పెద్దమనిషిలా నిలబడ్డాను. అందరూ మెచ్చుకున్నారు. నాకు బాగుంది కూడా. అది ఎలా బాగుంది?

వాళ్ళమ్మ వాణ్ణి మళ్ళీ ఆటకు పంపలేదు. ఆ వేసవిలో ఆవిడకు తాయిఫ్ అనే మరో ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు.

ఇప్పుడు అదే గ్రౌండ్‌లో శుక్రవారాలు నేనే అంపైర్‌ని. పోయిన వారం బంతి పట్టావా అని ఒక పాపను అడిగాను. "లేదన్నా, జారింది" అంది. సొంత టీమ్ మొత్తం దాని మీద పడింది. "నిజం చెప్పమని నిన్నెవ్వరడిగిన్రే?"

"అన్న అడిగిండు కదా!" అంది అది, అదేం పెద్ద విషయమన్నట్టు.

ఆ రోజే జోయెల్‌కు, అప్పుడు బంతి జారిందని మెసేజ్ పెట్టాను. బర్త్‌డేలకు విష్ చేసుకుంటూనే ఉన్నాం, ఇది తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. వెంటనే జవాబిచ్చాడు. "నాకు తెలుసు కదా గురూ. నాకు చెప్పి ఏం లాభం? తెలియనిది మా అమ్మకే. ఇప్పటికీ ఆ అబ్బాయి ఎంత మంచోడో అంటాది." కింద వాళ్ళమ్మ నంబర్ పెట్టాడు.

ఆరు రోజులైంది. ఫోన్ చేతిలోంచి దించని నేను ఆ నంబర్ నొక్కలేకపోతున్నాను. చెబితే, ఆ రోజు కొడుకు నోరు మూయించిన బాధ ఆవిడకు మొదలవుతుంది కదా? నా బరువు తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టడమేనా? లేక ఇదీ నేను వెతుక్కున్న సాకేనా? సాకే. తెలుసు.

ఆంటీ, బంతి జారిపోయింది. మీవాడు నిజం చెప్పాడు. నేను అబద్ధమాడాను.

క్షమించమని అడగడం లేదు. ఇంతవరకు ఈ మాటలు ఒకచోట పెట్టి నేను కూడా చూడలేదు. ఇప్పుడు చూశాను. కాస్త నయంగా ఉంది.