అమ్మమ్మ సవతి

కరెంటు పోయిందంటే రంగూనులో మా అహ్లోన్ వీధిలో అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం విసనకర్ర పట్టుకుని కిటికీ దగ్గర చేరతాను. ఫ్యాను చప్పుడు ఆగితేగాని రేవులోని ఓడ కూత మా మూడో అంతస్తు దాకా రాదు. నిన్న మధ్యాహ్నం వచ్చింది. "అదిగో, అమ్మమ్మ సవతి" అని పైకే అనేశాను. నవ్వడానికి గదిలో ఎవరూ లేరు. మేనకోడలు ఊరవతల లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీకి పోయింది. ఉన్నా దానికి నా తెలుగు సగమే అర్థమవుతుంది.

అమ్మమ్మ సవతి ఆడమనిషి కాదు, ఇంగ్లీషువాళ్ల పొగఓడ. తాతయ్య దాని బాయిలర్లలో బొగ్గు వేసేవాడు. ఇక్కడి మిల్లుల బియ్యం విశాఖకూ కాకినాడకూ మోసుకుపోయి, వస్తూ వస్తూ మనవాళ్లను కూలికి తెచ్చేది. మొగుడి పేరు మర్యాద కొద్దీ పలకని అమ్మమ్మ, ఓడ పేరు కుళ్లు కొద్దీ పలకలేదు. అది ఆయన్ని పట్టుమని పది రోజులు ఇంటిపట్టున ఉండనిచ్చేది కాదట. ఎంత తోమినా ఆయన మెడ వెనక మసి వదిలేది కాదట. "నా సవితి ముద్దెట్టి అంపింది సూడు" అని వీపు రుద్దుతూ దెప్పేదట.

యుద్ధం వచ్చి ఓడనూ సర్కారు పనికి పట్టుకుపోయారు. ఒంటికి బూడిదరంగు పూసి, ముందువైపు తెల్లటి పేరు చెరిపేసి, వెనక చిన్న ఫిరంగి బిగించారు. సిపాయిలనూ పెట్రోలు పీపాలనూ మోస్తూ దీపాలార్పుకుని తిరిగేది. రేవులో దాన్ని అలా చూసింది అమ్మమ్మ. సవతైనా ముత్తైదువ, బొట్టు చెరిపేశారే అని బాధపడిందట.

రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడ్డాక ఆ ఓడ పారిపోయే జనాన్ని ఎక్కించుకుంది. తాతయ్య కాళ్లా వేళ్లా పడి అమ్మమ్మకూ, ఏడాది పిల్ల అయిన మా అమ్మకూ డెక్కు మీద చోటు సంపాదించాడు. తీరా ఆ పొద్దుటే మా అమ్మకు ఒళ్లంతా అమ్మవారు పోసింది.

"అమ్మోరు ఒంటి మీదుండగా నీరు దాటకూడదు. నాను రాను" అంది అమ్మమ్మ.

"మల్లీ ట్రిప్పు ఉంటాదో నేదో! ఎక్కీయే" అని ఆయన బతిమాలాడు.

భయం కోపమైంది. "నువ్వెల్లు. నా సవితితోనే కాపరం సేసుకో" అంది. ఆయనతో ఆవిడ అన్న చివరి మాట అదే.

ఆ ట్రిప్పులోనే ఓడ బంగాళాఖాతంలో జలాంతర్గామి దెబ్బకు మునిగిపోయింది. యుద్ధకాలంలో ఓడల సంగతులు గుట్టు గనక ఎవరూ చెప్పలేదు. కంపెనీ ఆఫీసులో అడిగితే "ఇంకా చేరలేదు" అన్నారట, తరవాత ఆ ఆఫీసే మూతపడింది. యుద్ధం ముగిసేదాకా అమ్మమ్మ బొట్టుతోనే రేవు చుట్టూ తిరిగింది. ఆ తరవాత తాతయ్యతో పనిచేసిన ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. దెబ్బ బాయిలర్ల పక్కనే తగిలిందనీ, కింద ఉన్నవాళ్లు పైకి రాలేకపోయారనీ, డెక్కు మీది ఆడవాళ్లూ పిల్లలూ కూడా చాలామంది పోయారనీ చెప్పాడు. అమ్మమ్మ ఆయనకు అన్నం పెట్టింది. "ఒంటరిగా పోనేదులే. అది కూడా దిగింది" అని, కొంగుతో నుదురు తుడుచుకుంది.

ముసలితనంలో నాచేత తల దువ్వించుకుంటూ హఠాత్తుగా అడిగేది. "ఆ రోజు ఎక్కీసుంటే బాగుండునేటే?"

ఎక్కి ఉంటే మా అమ్మ లేదు, నేను లేను. ఇంతమందిమి చుట్టూ ఉండగా ఈ మాటేమిటని నాకు ఒళ్లు మండేది. ముడి వేసేసి లేచిపోయేదాన్ని. మా అమ్మ పోయి, మా ఆయన పోయి, పొద్దుటినుంచీ మాట్లాడటానికి మనిషి లేని ఈ గదిలో కూర్చున్నాకగాని ఆవిడ మమ్మల్ని వద్దనలేదని, ఆయన కావాలనిపించి అడిగిందని తెలియలేదు. "బాగుండేదే అమ్మమ్మా" అని ఒక్క మాట అనడానికి నాకు ఇంత వయసు కావలసి వచ్చింది. ఈలోగా ఆవిడ పోయి ముప్ఫై ఏళ్లయింది.