రుక్సత్ అన్న మాట

మా బావ, అంటే నా భర్తకు అన్న, ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు ఫౌజులో పనిచేశాడు. గద్వాల స్టేషన్లో రైలు దిగి, మానవపాడు వైపున్న మా ఊరికి నడిచి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ పెట్టె నిండా పుస్తకాలు తెచ్చేవాడు. వాటిని వసారాలో అర కొట్టించి పేర్చి, ఊరి గ్రంథాలయమని పేరు పెట్టాడు. ఊరు చదవలేదు. నేను చదివాను. ఊడ్చే వంక పెట్టుకొని పెద్దబాలశిక్ష ముగించాను. ఆ తర్వాత ఉర్దూ వాచకం పట్టుకొని, మా వెనకింటి సాయబుల ఆడపిల్లను అడిగి అక్షరాలు నేర్చుకున్నాను. బావకు తెలుగు వచ్చు. ఉర్దూ మాట్లాడతాడు, కానీ ఫౌజులో దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పారు. కచేరీ కాగితాల మీది ఉర్దూ లిపి ఆయనకు రాదు. ఆ ఇంట్లో అది వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనని అందరికీ తెలుసు. అందుకు నాకు లోపల చాలా గర్వంగా ఉండేది.

మా వైపు తమ్ముని భార్య బావ ఎదుటికి రాకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో అత్త ఉండాలి. ముగ్గురం ఒక్క వసారాలో ఉన్నా అంతే.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు బావ సెలవు మీద వచ్చాడు. తన సర్వీసు నిండింది, ఇక విడిచిపెట్టమని అర్జీ పెట్టి మరీ వచ్చాడు. అంతకుముందు ఎండాకాలం మా ఊళ్ళో గత్తర, అంటే కలరా, తగిలింది. ఊరవతల వాడలోనే ఎక్కువమంది పోయారు. వాళ్ళు ఊరి బావిలో చేద వేయకూడదు. ఎవరైనా పోస్తే పట్టుకోవాలి, లేకపోతే వాగులో చెలమ తోడుకోవాలి. బావ వచ్చిన మూడో రోజే ఆ వాడ పక్కన మా చెలక పొలంలో ముగ్గు పోసి బావి తవ్వడం మొదలుపెట్టాడు. వాడలోని మగవాళ్ళను వరసలుగా విడదీశాడు. ఒక వరస గడ్డపారలతో, ఒక వరస తట్టలతో. తాను కూడా దిగాడు. ఊళ్ళో పెద్దలకు అది గిట్టలేదు. పట్వారీ మా ఇంటి ముందు నడవడం మానేశాడు.

అట్లాంటప్పుడు ఫౌజు నుంచి టపా వచ్చింది. కాగితం ఉర్దూలో ఉంది. ఊళ్ళో ఉర్దూ చదివే పట్వారీని అడిగే వీలు లేదు. బావ వసారాలో కూర్చొని అత్తతో అన్నాడు:

“అమ్మా, గా కాయిదంల ఏమున్నదో జర చూసి చెప్పమను.”

నేను తలుపు వెనక ఉన్నాను. అత్త నా వైపు తిరిగి, “ఇన్నవా? ఏమున్నదో చూడుమంటుండు” అంది.

“రుక్సత్ మంజూరయిందని రాసిండ్రు అత్తా.”

“రుక్సత్ మంజూరయిందంట బిడ్డా.”

“నాకు ఇనబడ్డదమ్మా. నేనేం చెవిటోన్నా?” అని బావ నవ్వాడు.

వెనకింటి సాయబుల పెళ్ళిలో పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు రుక్సతీ అనడం విన్నాను. వీడ్కోలు. పంపించేయడం. ఫౌజు మా బావను పంపించేసిందని అనుకున్నాను. ఫౌజులో సెలవును ఛుట్టీ అంటారు కాబట్టి బావ కూడా అట్లాగే అనుకున్నాడు. కింద ఇంకో రెండు వరసలున్నాయి. గొలుసుకట్టు రాత, ఒకదాన్లోకి ఒకటి దూరిన అక్షరాలు. అవి నాకు అంతుపట్టలేదు. రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మడిచి ఇచ్చేశాను. అత్త ఆ రోజు పాయసం వండింది.

నెల గడిచింది. బావి మూడు నిలువుల లోతు దిగింది. బండ తగిలి పని నెమ్మదించింది. నేను ఉర్దూ వాచకంలో కొత్త పాఠం చదువుతున్నాను. అందులో, పండగకు పిల్లలకు నాలుగు రోజుల రుక్సత్ దొరికింది, ఐదో రోజు అందరూ బడికి వచ్చారు, అని ఉంది. పెట్టెలోంచి కాగితం తీసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం విడదీసుకుంటూ ఆ రెండు వరసలు చదివాను. యుద్ధం ముగిసేదాకా ఎవరినీ విడిచిపెట్టరు. సెలవు మాత్రం సర్కారు లెక్కలో ఎండాకాలపు నెల అయిన ఖుర్దాద్ ఆఖరు వరకు పొడిగించారు. ఆ నెలాఖరుకు ఇక ఐదు రోజులే ఉన్నాయి.

అత్త చేటలో జొన్నలు చెరుగుతోంది. చెప్పాను. చేట కింద పెట్టి నా చేతిలో కాగితం లాక్కుంది.

“ఇంక ఎవరికి చెప్పినవ్?”

“ఎవరికి చెప్పలే.”

“చెప్పకు. లడాయికి పోయినోడు మల్ల వస్తడా?”

“పోకపోతే భగోడా అంటరత్తా. సంకెళ్ళేసి తీస్కపోతరు.”

“జైల్ల ఉన్నా బతికుంటడు. నీ నోట్లెకెళ్ళి ఇది బయటికొస్తే ఈ ఇంట్ల నీకు బువ్వ లేదు.”

కాగితాన్ని జొన్నల బానలోకి దోపి మూత పెట్టింది.

భగోడా అంటే ఫౌజు నుంచి పారిపోయినవాడు. ఆ మాట అనవలసి వస్తే బావ గొంతు తగ్గించేవాడు, ఆడవాళ్ళ ముందు బూతు పలికినట్టు. నా భర్త ఆ నెల బండ్లు తోలుకొని రాయచూరు వైపు పోయాడు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. చెప్పడానికి ఉన్న ఒక్క దారి అత్త నోరు. ఆ నోరు మూతపడింది. బావ పొద్దున లేచి బావి దగ్గరికి పోయేవాడు, మాపటికి మట్టి కొట్టుకొని వచ్చేవాడు. పిండి విసురుతుంటే రోజులు లెక్క వచ్చేవి. రెండు రోజులు అట్లా గడిచాయి. అత్త నన్ను వాకిలి దాటనివ్వలేదు. బావికి సద్ది కూడా తానే మోసింది.

మూడో రోజు అత్తకు మోకాలు పట్టింది. లేవలేకపోయింది. సద్ది గంప నా నెత్తిన పెడుతూ, “పెట్టి తిరుగు. నిలబడకు” అంది.

బావి ఒడ్డున గంప దించాను. బావ లోపలి నుంచి ఎక్కి వచ్చి, నన్ను చూసి, మర్యాదకు వీపు తిప్పి నిలబడ్డాడు. వాడ మగవాళ్ళంతా తట్టలు దించి చూస్తున్నారు. కొంగు పళ్ళ మధ్య బిగించి ఉంది. తీసేశాను.

“బావా.”

ఒక తట్ట జారి బావిలో పడింది.

“నేను తప్పు చదివిన. రుక్సత్ అంటే సెలవే. ఖుర్దాద్ ఆఖరుకల్ల హాజరు కావాలె. ఇంక రెండే దినాలున్నయి.”

ఆయన ఇటు తిరగలేదు. మధ్యలో ఎవరూ లేకుండా, మొదటిసారి నాతో అన్నాడు:

“కాయిదం యాడున్నది?”

“జొన్నల బానల.”

“అమ్మ పెట్టిందా?”

నేను గంపలోంచి సద్ది తీసి ఒడ్డున పెట్టాను.

“నువ్వు సక్కగ చదివుంటే నేను నెల కిందనే దినాలు లెక్కవెట్టుకుంట కూసుందును. ఇంతలోతు తవ్వకపోదును” అన్నాడు. నవ్వాడో లేదో వీపు చూసి చెప్పలేను. అటే తిరిగి, పని ఎవరెవరు చూడాలో వాడ వాళ్ళకు అప్పగించి, గడ్డపార కడిగి ఇచ్చాడు. ఆ సాయంత్రమే గద్వాలకు నడిచిపోయాడు. వాకిట్లో అత్త ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు.

అత్త నాకు బువ్వ మానలేదు. మాట మానింది. ఏదైనా కావాలంటే గోడతో చెప్పేది: “ఎవరన్న ఉంటే నీళ్ళు తెమ్మను.” బయటికి పోయే దారి లేదు. పుట్టింటికి పోదామంటే అక్కడ ఎవరూ లేరు. అర మీద పుస్తకాలు మాత్రం ఉన్నాయి. చాలా రోజులు వాటిని ముట్టలేదు.

వానలు పడ్డాక సముద్రం అవతలి నుంచి బావ జాబు వచ్చింది. ఫౌజు వాళ్ళు చదివి చూశాకే పంపుతారు కాబట్టి తెలుగు కాదు, క్యాంపు మున్షీ రాసిన ఉర్దూ. పట్వారీ ఇంటికి పోవడం ఇష్టం లేక అత్త జాబు పట్టుకొని పొద్దంతా కూర్చుంది. చివరికి దాన్ని నా ముందు నేల మీద పెట్టి, అటు తిరిగి కూర్చొని గోడతో అంది:

“ఎవరన్న ఉంటే చదువుమను.”

బాగున్నానని రాశాడు. బావిలో నీళ్ళు పడ్డాయా అని అడిగాడు. అంతే. చదివి మడవబోయాను.

“ఇంకోపారి” అంది అత్త, గోడ వైపే చూస్తూ. “ఈసారన్న కింది వరసలు ఎగరగొట్టొద్దని చెప్పు.”