కండల్రావుకి నేను వేయని ఇంజెక్షన్

ఆ రోజుల్లో కెనడాలోని సార్నియాలో కొత్తగా దిగిన మాలాంటి స్టూడెంట్లందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. దేనికైనా ఎక్కడో ఒక అడ్డదారి ఉంటుందని, అది ఎవరో ఒక సీనియర్‌కి తెలిసే ఉంటుందని. ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కి ఒక దారి, డ్రైవింగ్ టెస్ట్‌కి ఒక దారి, ఆఖరికి కండలకి కూడా ఒక దారి. ఇప్పుడు ఓక్‌విల్‌లో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి, ప్రొటీన్ డబ్బాలు తిరగేసి చూసే బక్క కుర్రాళ్ళని చూస్తుంటే నవ్వొస్తుంది, మనసు కాస్త బరువెక్కుతుంది కూడా. మేమూ అంతే మరి.

మా బేస్‌మెంట్‌లో ముగ్గురం. నేను వరంగల్‌లో బీ ఫార్మసీ చేసొచ్చానని నన్ను డాక్టర్ అనేవాళ్ళు. (నా వైద్యానుభవమల్లా కాలేజీ ల్యాబులో ఒక ఎలుకకి ఇంజెక్షన్ ఇవ్వబోవడం, అది కరవడం, చివరికి ఇంజెక్షన్ నేనే వేయించుకోవడం.) రెండోవాణ్ణి అందరం బావ అనేవాళ్ళం. ఏ పనైనా సరే వీడియో చూసి చేసేస్తాననే రకం. మూడోవాడు గుంటూరు కుర్రాడు. వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎత్తలేక రొప్పుతుంటే, సూపర్‌వైజర్ అందరి ముందూ వాణ్ణి పక్కకి తప్పించి లేబుళ్ళు అంటించే పనిలో పెట్టాడు. ఆ రోజు నుంచి వాడికి కండల పిచ్చి పట్టుకుంది. మేం కండల్రావు అని పేరు పెట్టేశాం. అప్పటికి వాడి ఒంటిమీద ఎముకలే తప్ప కండన్నది లేదు.

వాడు చేసేదాన్ని బయోహ్యాకింగ్ అనేవాడు, అంటే ఒంటిని అడ్డదారిలో మార్చుకోవడమట. జనవరిలో చన్నీళ్ళ స్నానం. అన్నం బంద్. నిద్ర బదులు ఎనర్జీ డ్రింకులు. ఒక మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న సీసా, సిరంజి తెచ్చి నా ముందు పెట్టాడు.

"నన్ను నేనే గుచ్చుకోలేను మామా, నువ్వు గుచ్చు. కండ దానంతటదే పెరిగిద్ది."

సీసా తిప్పి చదివాను. పరిశోధనకు మాత్రమేనట, మనుషుల వాడకానికి కాదట.

"ఇది చదివినవా రా?" అన్నాను.

"చదివాలే. మనం మాత్రం మనుషుల్లా బతుకుతున్నామా ఏంటి మామా?"

పక్కున నవ్వాను. వాడు నవ్వలేదు. అప్పుడు చూశాను వాడి ముఖం సరిగ్గా, ఎన్నాళ్ళ తర్వాతో. కళ్ళు లోపలికి పోయాయి. నాకు నిజంగా భయమేసింది. ఆ సీసాలో ఏముందో ఎవడికీ తెలియదు. వీడికి ఏమన్నా అయితే వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? ఈలోగా బావ చేతులు కడుక్కుని వచ్చేశాడు. "దీనికింత ఆలోచనెందుకు? ఇటివ్వు, నేను గుచ్చేస్తా."

వద్దని మొహం మీద చెబితే కండల్రావు బావ చేతికి చిక్కుతాడు. అందుకని గొంతు సవరించుకుని నిజంగానే డాక్టరునైపోయాను. "ఊకనే గుచ్చితే మందు పట్టదురా. ముందు బాడీ తయారు కావాలె." ఇక షరతులు మొదలుపెట్టాను. కడుపునిండా అన్నం, పప్పు, గుడ్లు తినాలి, రాత్రిళ్ళు నిద్రపోవాలి, డ్రింకులు మానాలి. బరువులు కొద్దికొద్దిగా పెంచాలి. క్లినిక్‌కి వెళ్ళి రక్తపరీక్ష కూడా. (కండ పెరగడానికి అసలు కావలసినవి ఇవేనని అందరికీ తెలుసు. అందుకే వీటికి గిరాకీ లేదు.)

"అయితే నువ్వూ జిమ్‌కి రావాలి," అన్నాడు కండల్రావు. అడ్డంగా ఇరుక్కుపోయాను.

బస్సు లేదు, కారు లేదు. మంచులో నడిచి వెళ్ళేవాళ్ళం. మొదటి రోజే బరువుల రాడ్డు నా ఛాతీ మీద ఇరుక్కుపోయి నేను గిలగిల్లాడుతుంటే, మా నాయనమ్మ వయసున్న ఒక తెల్లావిడ వచ్చి, "సారీ, సారీ" అంటూ దాన్ని లేపి పక్కన పెట్టింది. ఆవిడ సారీ ఎందుకు చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. కండల్రావు మాత్రం నేలమీద కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. కెనడా వచ్చాక వాడు అలా నవ్వగా చూడటం అదే మొదలు.

మంచు కరిగేసరికి వాడి భుజాలకి కండ పట్టింది. రిపోర్టులు బాగున్నాయన్నారు. వేర్‌హౌస్‌లో మళ్ళీ పెట్టెలెత్తుతున్నాడు. ఒక ఆదివారం పొద్దున ఫ్రిజ్ తెరిచి, అన్నాళ్ళూ అందులోనే దాచిన ఆ సీసా బయటికి తీశాడు.

"బాడీ తయారైందిగా డాక్టరూ. ఇక గుచ్చు."

"గుచ్చనురా. నాకు చేతకాదు. చేతనైనా గుచ్చ. కోపమొస్తే తిట్టుకో."

తిట్టలేదు. సీసాని జేబులో వేసుకుని బూట్లు తొడుక్కున్నాడు. "పద, మందుల షాపులో ఇచ్చేద్దాం. వాళ్ళే పారేస్తారంట." నేను బిత్తరపోయి చూస్తుంటే తలొంచుకుని అన్నాడు: "పొడిపించుకోవాలనుంటే బావ చేతే పొడిపించుకునేవాణ్ణిగా మామా. ఇక్కడ ఏం చేస్తానన్నా అందరూ నీ ఇష్టం అంటారు. వద్దురా అనే మనిషి నాకొక్కడన్నా ఉన్నాడా లేదా అని చూశా."

వాణ్ణి ఎంత తెలివిగా బురిడీ కొట్టించానో అని ఆ చలికాలమంతా లోలోపల మురిసిపోయిన ఆ వరంగల్ డాక్టరు ఇప్పటికీ గుర్తొస్తుంటాడు. అవతలివాడు ఎదురుచూసింది ఒక్క 'వద్దు' కోసమని తెలియక, రోజూ పొద్దున్నే లేచి గుడ్లు ఉడకబెట్టాడు, పిచ్చి సన్నాసి.