పోలిరాజు బావ టార్చిలైటు

మా పోలిరాజు బావకి ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, నోరు తెరవమనేవాడు. మల్కాపురంలో ఓ డాక్టరు దగ్గర కాంపౌండరు. జేబులో ఎప్పుడూ టార్చిలైటు, గాజుగుడ్డ ముక్కలు. ఓ పెళ్ళిలో పురోహితుణ్ణి మంత్రం మధ్యలో ఆపి మరీ చూశాడు. సిటీబస్సులో కండక్టరు "టికెట్" అని అరిస్తే లోపలికి టార్చి వేశాడు.

"ఏటి బావా, ముత్యాలేవైనా దొరికాయా?" అని నేను పనిచేసే పోర్టు ఆఫీసులో నలుగురి ముందూ ఏడిపించేవాణ్ణి. ఇకిలించేవాడే గానీ, కోపమన్నది లేదు మహానుభావుడికి.

స్టీలుప్లాంటు కడుతున్న రోజుల్లో మా అమ్మ గంగాలమ్మ నోట్లో తెల్లటి పూత లేచింది. అమ్మది అడ్డపొగ, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా ఊరి ఆడవాళ్ళలో చాలామందికి అలవాటే గానీ, గుమాస్తానయ్యాక నాకది నామోషీ. ఇంటికెవరొచ్చినా అమ్మని పెరట్లోకి పంపేసేవాణ్ణి. పూత చూసి రాచపుండని నాకు నేనే తేల్చేశాను. డాక్టరుకి చూపిస్తే చుట్ట సంగతి పదిమందికీ తెలిసిపోదూ! పైగా అంటుకుంటుందని కంచం, గ్లాసూ వేరే పెట్టాను. సిగ్గులేని వెధవని. అమ్మ తన గ్లాసు తనే కడిగి గూట్లో బోర్లించుకునేది.

ఆదివారం బావ రానే వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడితే, ముందు నా నోరు తెరిపించి చూసి, పక్కనుంచి పెరట్లోకి దూరిపోయాడు.

"అత్తా, పంతులుగారిది సూసీసేను, నీ కొడుకుదీ సూసీసేను. ఇక నీదే మిగిలింది."

అమ్మ నవ్వి నోరు తెరిచింది! బావ కట్టుడుపళ్ళు తీయించి, గాజుగుడ్డతో తుడిచాడు. తెలుపు ఊడొచ్చింది, కింద ఎర్రగా ఉంది.

"బూజు అత్తా! పడుకున్నప్పుడు పళ్ళసెట్టు తియ్యవేటి? ఇది మందుకి పోద్ది. అడ్డపొగకి తుడిసినా రాని తెలుపొత్తాది సూడు, దానికి భయపడాల. అయినా నా మాట మీదుండిపోకు, రేపు డాక్టరుగారు సూడాల. సుట్ట మాత్రం మానీ." (మర్నాడు డాక్టరుగారూ బూజేనన్నారు.)

"నాకే సరిగ్గా చూపించడానికి సిగ్గుపడేది. నీకెలా చూపించింది బావా?"

"అడ్డపొగ తాగేవోళ్ళనే అడిగితే సిగ్గుపడి నోరు మూసేత్తారు. అందుకే అందరిదీ సూత్తాను. పిచ్చోడంటే అననీ, నాకేటి?"

అని, గూట్లో విడిగా ఉన్న అమ్మ గ్లాసు తీసి, కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగేశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఏటి బావా, మాటాడవు?" అన్నాడు నాతో.

ఏదో చెప్పబోయి నోరు తెరిచాను. తెరిచానో లేదో, లోపల టార్చి వెలిగింది.