గంటగోపురంలో గూబ, ఆరుగురి ప్రార్థన

ఏసోబు ముప్పయ్యొక్క సంవత్సరాలు చీరాలలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబుకు అటెండరు. లెక్చరర్లు మారారు, కప్పలు మారాయి. సీసాల్లో ఫార్మలిన్ మార్చిన చెయ్యి మాత్రం అతనిదే. ఒక్క సీసా చీటీ మీదా అతని పేరు లేదు. రిటైరై పర్చూరు దగ్గరి సొంత ఊరు చేరాక, ఆఫ్రికా పక్కన ప్రిన్సిపె అనే దీవి అడవిలో కొత్త జాతి గుడ్లగూబ దొరికిందని పేపర్లో చదివాడు. దానికి పెట్టింది ప్రొఫెసర్ల పేరు కాదు. ఒకప్పుడు చెట్లెక్కి చిలకలు పట్టి, తర్వాత అడవి కాపలాదారైనవాడి ముద్దుపేరు. ఆ ముక్క కత్తిరించి బైబిల్లో, ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన పేజీలో దాచుకున్నాడు.

ఆ ఫిబ్రవరిలో చర్చి గంటగోపురంలో తెల్లగూబ నాలుగు పిల్లల్ని చేసింది. ఏసోబు నిచ్చెనెక్కి చూసి వచ్చాడు, ఇంకా ఎగరలేవు. శకునాలన్నీ బాప్తిస్మం రోజే కాలవలో వదిలేశామని చెప్పుకొనే సంఘం, గూబ శకునాన్ని మాత్రం ఒడ్డుకు తెచ్చుకుంది. కోత పండుగలోపు గోపురం కింది వసారాలో తాలు మిరపకాయలు కాల్చి పొగబెట్టాలని పెద్దలు తీర్మానించారు.

శనివారం పదిన్నరకు నిప్పుల కుండ వచ్చింది.

"పత్తికాయ కొరికే ఎలకల్ని తింటది గదరా," అన్నాడు ఏసోబు.

"రిటైరైనా నీ ల్యాబు వాసన పోలేదేందిరా," అన్నాడు సంఘపెద్ద జక్రయ్య. "గూబ కూస్తే చావు."

"మొన్న కూసింది నిజమే. చచ్చింది ఎలకే."

వాదన పనిచేయలేదు. పొద్దున గాలి ఆడదు, పొగ నిటారుగా గూటికే పోతుంది. పన్నెండు దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి తిరుగుతుంది. అప్పుడు పొగ వసారాలోంచి పడమటి పక్కనున్న చర్చి హాల్లోకి పోతుంది. ఏసోబు డాబా మీద రోజూ రాసుకున్న లెక్క అది. అప్పటిదాకా వీళ్లను ఆపడానికి కావలసింది గంటన్నర.

"ప్రార్థన లేకుండా మొదలెడతారా? జక్రయ్య గారే ప్రారంభించాలండి," అన్నాడు ఏసోబు.

ఏరా అనే ఈడువాడు గారు అనేసరికి జక్రయ్య కళ్లు మూసుకున్నాడు. ఆ సంఘంలో ఒక పెద్ద ప్రార్థించాక మరో పెద్ద ఊరుకుంటే చిన్నతనం. ఆరుగురు చేశారు, మనిషికి సగటున పదిహేడు నిమిషాలు. నోవహు ఓడలో గూబ కూడా ఎక్కిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చివరి ఆమెన్ పన్నెండూ ఇరవై రెండుకు పడింది. అప్పటికి ఏసోబు పంచె అంచు పడమటికి ఎగురుతోంది.

కాయలు నిప్పుల మీద పడ్డాయి. పొగ గోపురం వైపు చూడనైనా చూడలేదు. హాల్లో తోరణాలు కడుతున్న ఆడవాళ్లు, వాళ్లకన్నా ముందు పాస్టరు గారు, దగ్గుకుంటూ బయటపడ్డారు. జక్రయ్య భార్య సంతోషకుమారి కుండలో బిందెడు నీళ్లు గుమ్మరించింది.

"పొగ గూబకా, మాకా? మళ్లీ దాని జోలికి పోతే నీకు కూడు పెట్టను."

పిల్లలు నాలుగూ మార్చిలో ఎగిరిపోయాయి. ఎగతాళికి జక్రయ్య ఆ పిట్టను ఏసోబు గూబ అనడం మొదలుపెట్టాడు, ఊరంతా అందుకుంది. ఏసోబు గూటి కింద రాలిన ఈకొకటి సీసాలో పెట్టి చీటీ అంటించాడు. తేదీ, స్థలం వేశాడు. స్థానిక నామం దగ్గర "ఏసోబు గూబ" అని రాశాడు. పేరు పెట్టినవారు అన్నచోట, న్యాయంగా, జక్రయ్య పేరు వేశాడు.